ఎడమ పళ్ళెం

నా భర్త షుక్రీ పోయి నేటికి ఏడాది. పొద్దున సమాధి దగ్గర అతని పేర రొట్టెలు పంచాను. చీకటి పడ్డాక పాప రీమ్‌ని భుజాన వేసుకుని, అలెగ్జాండ్రియాలో నేను తుడిచే పరిశోధనశాలకు వచ్చాను. అతని ఊపిరితిత్తుల క్యాన్సర్ గడ్డలోంచి తీసిన కణాలు అక్కడి వెచ్చని పెట్టెలో, రెండు గాజు పళ్ళేల్లో, ఇంకా బతికే ఉన్నాయి.

ఇంటికి బయల్దేరుతూ డాక్టర్ నాజ్లీ ఆగింది. "రీమ్ వాళ్ళమ్మా, మంచి కణం కొన్నాళ్ళు పెరిగి, ముసలిదై ఆగిపోతుంది. ఆగమని చెప్పే కాపలావాడు దాని లోపలే ఉంటాడు. మీ ఆయన కణాల్లో వాడు చచ్చాడు. 'పెరుగు' అనే కేకే మిగిలింది. ఎడమ పళ్ళెంలో వాణ్ణి మళ్ళీ పెట్టాం. అందులోవి ముసలివై ఆగిపోయాయి."

"ముప్పై ఏళ్ళకే పోయాడు డాక్టరమ్మా. ఇక్కడైనా ముసలాడయ్యాడన్నమాట."

"నీ నోటికి తాళం లేదే!" అని నవ్వబోయి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

లోపలికి గాలి తీసుకునేటప్పుడు ఆ పెట్టె ఎప్పుడూ ఒక్కసారే బుస్సుమంటుంది. ఈ రాత్రి వెంటవెంటనే రెండుసార్లు బుస్సుమని ఆగింది. పాప లేస్తుందని షుక్రీ అలాగే రెండుసార్లు దగ్గి, మూడోది మింగేసేవాడు.

నిద్రపోతున్న రీమ్‌ని భుజం మీద సర్దుకుని, పెట్టె అద్దపు తలుపులోంచి చూశాను. పెరిగే కణాలు తింటేనే వాటి గులాబీ రంగు మేత పసుపు రంగుకు తిరుగుతుంది. ఎడమ పళ్ళెం పసుపు పచ్చగా ఉంది.

డాక్టరమ్మకు ఫోన్ చేయాలి. చేస్తే, ఆపే దారి మళ్ళీ వెతుకుతుంది. ఫోన్ జేబులోనే ఉంచి, అద్దానికి నుదురు ఆనించాను.

"పెరుగు," అన్నాను మెల్లగా.

రెండు దగ్గులు వినిపించాయి. ఈసారి పెట్టెలోంచి కాదు, నా భుజం మీదినుంచి.