ఎవరూ చూడని ముడి

వాగు మీదికి వంగిన తుమ్మకొమ్మకు గిజిగాడు గూడు అల్లాడు. ఆడపిట్ట వచ్చి, వాళ్ల ఆచారం ప్రకారం ముక్కుతో గుంజి చూసి, "గట్టిగా ఉంది, ఇందులోనే గుడ్లు పెడతాను" అంది.

గిజిగాడికి మాత్రం గింజ గొంతు దిగలేదు. కొమ్మ దగ్గరి ముడి ఒకటి తొందరలో, ఇట్టే తెగే ఎండుపోగుతో వేశాడు. పడమట మబ్బు కమ్ముతుంటే ఆ ముడి విప్పడం మొదలుపెట్టాడు. గూడంతా మిగిలిన ఒక్క పోగు మీద వేలాడింది.

"పిట్ట ఒప్పుకుంది కదా బావా. నేనూ ఒకటి ఎండుపోగుతోనే వేశాను," అన్నాడు పక్క కొమ్మ గిజిగాడు. "ఇప్పుడు గాలొస్తే ఉన్న గూడూ పోతుంది."

"తను చూసింది గూడు. ముడి వేసింది నేను."

గాలి రానే వచ్చింది. ఆడపిట్ట భయంతో అరుస్తోంది. గిజిగాడు పచ్చి ఈతాకు పోగు ముక్కున పట్టి, కాళ్లతో కొమ్మను బిగించి పట్టుకుని, ఊగుతూనే ముడి వేశాడు. ఆ వెంటనే వాన కుమ్మేసింది.

వెలిశాక చూస్తే రెండు గూళ్లూ ఉన్నాయి.

"నాదీ పడలేదుగా. అనవసరంగా కష్టపడ్డావు," అన్నాడు పక్కవాడు.

"వానలో కొంగలబారు వెళ్లింది, చూశావా?" అని అడిగాడు గిజిగాడు.

పక్కవాడు చూడలేదు. వాన కురిసినంతసేపూ తన ఎండుపోగు వైపే చూస్తూ కూర్చున్నాడు.