మార్లిస్ కొన్న తెల్లదీపం

ఇలా దగ్గరికి జరుగు, పొయ్యి పక్కన చోటుంది. ఈ కథ దూరం నుంచి అరిచి చెప్పేది కాదు.

ఫిబ్రవరి నెల, శనివారం. సరస్సు గడ్డకట్టి ఊరంతా దుప్పట్లలో ముడుచుకున్న రోజు.

బడి బస్సు నడిపే మార్లిస్ మాత్రం ఇనుప సామాన్ల కొట్టులోకి ఉరుకులు పరుగుల మీద వచ్చింది. ఎండకు బదులు మొక్కలకు వేసే దీపాలు సగం ధరకే ఇస్తున్నారని విన్నది మరి.

ఆమెకు ఒక్కటే పంతం. ఈస్టర్‌కు ముందు వారం చర్చి హాల్లో జరిగే ఆఫ్రికన్ వయొలెట్ పూలమొక్కల పోటీకి ఈసారి పూలతో వెళ్లాలి.

కిందటేడు కిటికీలో పెంచిన మొక్కను తీసుకెళ్లింది. ఎండ చాలక ఒక్క పువ్వూ రాలేదు. ఆకులు కొంగ మెడల్లా సాగిపోయాయి. పోటీ నడిపే పూల క్లబ్బు ఆడవాళ్లు ఆ కుండీని పోటీ బల్ల మీద కాకుండా టీ బల్ల మీద, బిస్కెట్ల పక్కన పెట్టారు.

"పాలకూర బాగా పెంచావు మార్లిస్," అన్నది వాళ్లలో ఒకావిడ.

హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఏడాది పొడుగునా మార్లిస్ చెవుల్లోనే కాపురం చేసింది.

అందుకే అందరికంటే పెద్ద డబ్బా ఎత్తుకుంది. ఊదారంగు దీపం. డబ్బా మీద గుమ్మడికాయంత అక్షరాలతో వెయ్యి వాట్లు అని ఉంది.

"అది పెట్టెయ్ తల్లీ," అన్నారు వెనక నుంచి ఎవరో.

ఒక ముసలామె. ఊలు టోపీ కనుబొమ్మల దాకా లాక్కుంది. ఆమె తోపుడుబండిలో ఒక పొడుగాటి తెల్లదీపం ఉంది.

"ఎందుకు పెద్దమ్మా? మొక్కల కోసమేనని రాశాడుగా."

"రాయడానికేం పోయింది. తిప్పి వెనక చూడు. అసలు లాగే కరెంటు ఎంతో అక్కడ చిన్నక్షరాల్లో ఉంటుంది."

మార్లిస్ తిప్పి చూసింది. ముందు వెయ్యి అన్నవాడు వెనక వందే అన్నాడు.

"వీడి దుంప తెగ."

"పైగా ఊదా వెలుగులో పచ్చాకూ పండుటాకూ ఒక్కలాగే కనిపిస్తాయి. జబ్బు చేస్తే నీకేం తెలుస్తుంది? ఇదిగో, కార్ల షెడ్డులో వేలాడేసే ఇలాంటిది చాలు. ధరా తక్కువే, కరెంటూ పెద్దగా తినదు. ఆకులకి జానెడు పైన కట్టు. పొద్దున వేసి, రాత్రి అన్నాలయ్యాక ఆర్పెయ్."

"రాత్రీ పగలూ వేస్తే ఇంకా తొందరగా పూస్తుందేమో?"

"నిన్ను రాత్రీ పగలూ నిలబెడితే నువ్వు పూస్తావా?"

మార్లిస్ పకపకా నవ్వింది. ఊదా డబ్బా వదిలేసి తెల్లదీపాల అర వైపు పరుగెత్తింది. అర ఖాళీ.

"ఆఖరిది ఆ పెద్దామె బండిలోనే ఉంది," అన్నాడు కొట్టాయన. "కంపెనీ దగ్గరే సరుకు లేదంట. మళ్లీ ఈస్టర్ అయ్యాకే."

మార్లిస్ మొహం గాలి తీసిన బంతైంది.

"అంత తొందరేమిటి?" అన్నది ముసలామె.

"పోటీ ఉంది పెద్దమ్మా. సరస్సు అవతల హిల్కా అని ఒకావిడ ఉందంట. ఏటా ఫస్టు ఆవిడకే. పొద్దున్నే వచ్చి కుండీ పెట్టి పోతుంది, నేనెప్పుడూ చూళ్లేదు. మొక్కలకి మంత్రాలు చదువుతుందంట."

ముసలామె బండి పట్టుకుని నవ్వింది. "ఆమెని ఓడించాలా?"

"ఓడించి, ఆవిడ కుండీ కూడా బిస్కెట్ల పక్కన పెట్టించాలి."

"పెట్టించు. ఎవరో ఒకరు ఆ పని చెయ్యాలిగా." దీపం తీసి మార్లిస్ చేతుల్లో పెట్టింది.

"మరి మీకు?"

"నాది నేలమాళిగ మెట్లకిలే. ఆ మెట్లు కళ్లు మూసుకుని దిగుతా."

మార్లిస్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పేరైనా అడక్కుండా ఇంటికి పరుగెత్తింది.

చెప్పినట్టే కట్టింది, చెప్పినట్టే ఆర్పింది.

"నన్నూ ఆ దీపం కింద కూర్చోబెట్టవే, బట్టతల మీద ఏమైనా మొలుస్తుందేమో," అన్నాడు మొగుడు గోర్డ్.

మార్చిలో ఒక పొద్దున ఆమె కేక పెట్టింది. "గోర్డ్, పరుగెత్తి రా."

"ఏమైందే, ఇల్లంటుకుందా?"

"మొగ్గలొచ్చాయి."

ఆకుల నడుమ ఆవగింజలంత మొగ్గలు. చూస్తుండగానే కుండీ పూల కిరీటం పెట్టుకుంది.

పోటీ రోజున హాల్లో ఎవరూ పాలకూర మాట ఎత్తలేదు. ఫస్టు ప్రైజు ఎర్ర రిబ్బను మార్లిస్ కుండీకే కట్టారు. ఆమెకు కాళ్లు నేల మీద నిలవలేదు.

"హిల్కా ఏదీ? ఆవిడ మొహం చూడాలి నేను," అని క్లబ్బు కార్యదర్శి పెర్ల్‌ను అడిగింది.

"ఆమె రాలేదు. జనవరిలో దీపం కాలిపోయిందంట. కొత్తది దొరక్క ఆమె మొక్క ఒక్క మొగ్గా వెయ్యలేదు. ఇదే నా ఆఖరి పోటీ అనుకునేది పాపం. మొన్న ఇల్లమ్మేసి కూతురి దగ్గరికి హాలిఫాక్స్ వెళ్లిపోయింది." పెర్ల్ గోడ మీది ఫొటో చూపించింది. "అదిగో, కిందటేడు తీసింది."

ఊలు టోపీ కనుబొమ్మల దాకా లాక్కుని నవ్వుతోంది హిల్కా.

మార్లిస్ చేతిలో టీ చల్లారిపోయింది.

నువ్వు ఈ కథ ఎవరికైనా చెప్పేటప్పుడు రిబ్బను రంగు మరిచినా ఫరవాలేదు గానీ, ఆ ఇల్లు కొన్నవాళ్లు చెప్పిన మాట మాత్రం మరవకుండా చెప్పు: బండరాతి మీద కట్టిన ఇల్లది, దానికి నేలమాళిగే లేదు.