నమ్మకమైన మనిషి

"నీలవ్వా, రేపు మిల్లుకు రాకు," అన్నాడు రామకిష్టయ్య.

"ఎందుకు సేటూ?"

"జర్మనీ కంపెనీ తరఫున ఆఫీసర్ వస్తుండు. ఆయన ముంగట నువ్వు దగ్గినవంటె ఆర్డరు పాయె."

"గీ మిల్లు దుమ్ముకే గద నాకు దగ్గు వచ్చింది!"

"గందుకే వద్దంటున్న. పో."

నీలవ్వ కొంగు దులుపుకొని వెళ్లిపోయింది.

ఆర్మూర్ మార్కెట్ వెనకాల ఉన్న ఆ మిల్లులో జర్మనీ కంపెనీ కోసం పసుపు పట్టి, ఆ కంపెనీ పేరున్న డబ్బాల్లోనే నింపుతారు. కూలీల బాగోగులు చూశాకే మళ్లీ ఆర్డరు ఇస్తామని కంపెనీ కబురు పెట్టింది. రామకిష్టయ్య దగ్గేవాళ్లందరినీ ఇళ్లకు పంపేశాడు. వాళ్ల చోట తనకు నమ్మకమైన ఆడవాళ్లను కూర్చోబెట్టి, ఏమడిగితే ఏం చెప్పాలో నేర్పాడు. మూతులకు కొత్త గుడ్డలు కట్టించాడు.

మరునాడు మధ్యాహ్నానికి హైదరాబాద్ నుంచి ఆఫీసరు వచ్చాడు. మిల్లంతా తిరిగి, జల్లెడ పడుతున్న ఒకామె దగ్గర ఆగాడు.

"మీ పేరేంటమ్మా?"

"తారాబాయి."

"పనిలో ఇబ్బందులేమైనా ఉన్నాయా?"

నేర్పిన జవాబు కోసం రామకిష్టయ్య చిరునవ్వుతో చూస్తున్నాడు. ఆమె పక్కకు తిరిగి దగ్గింది. మూతికున్న గుడ్డ విప్పింది. అది లోపలి వైపు కూడా పచ్చగా ఉంది.

"ఉన్నయి సార్. పొద్దుగాల కూసున్న, గింతలనే గొంతు మండుతున్నది. రోజు గీడ కూసునేది నీలవ్వ. దగ్గుతదని నిన్న ఇంటికి తోలిండ్రు. గీ గుడ్డలు గూడ ఇయ్యాల పొద్దుగాలనే ఇచ్చిండ్రు."

రామకిష్టయ్య మొహం మాడిపోయింది.

"దుమ్ము లాగే ఫ్యాన్లు ఎందుకు పెట్టలేదు?" అన్నాడు ఆఫీసరు.

"మీరు ఏటేట రేటు తగ్గించుమంటరు. ఫ్యాన్లు యాడికెల్లి పెట్టాలె సార్?"

ఆఫీసరు చేతిలోని కాగితం మీద అది రాసుకున్నాడు.

"అదీ నిజమే. రేటు పెంచమని నేనే కంపెనీకి చెబుతాను. ముందు నీలవ్వను పిలిపించి దవాఖానలో చూపించండి. ఫ్యాన్లు పెట్టాకే ఆర్డరు."

"సరే సార్."

ఆఫీసరు జీపు ఎక్కబోతూ మళ్లీ వెనక్కి వచ్చాడు.

"ఇంకో మాట. నిజం చెప్పిందన్న కోపంతో ఆ తారాబాయిని తీసేశారో, మీతో మాకు వ్యాపారమే ఉండదు."

రామకిష్టయ్య రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఎట్ల తీసేస్త సార్! గామె నా పెండ్లాం."