రచన: లింబయ్య

"ఈ డబ్బల పోసుకరా పో" అన్నాడు ఎస్సై.

లింబయ్య డబ్బా అందుకున్నాడు. ఎడపల్లి దగ్గర పోలీసులు ఆటోలు ఆపి, మగవాళ్లందరినీ దింపి మూత్రంతో గంజాయి పరీక్ష చేస్తున్నారు. ఆయనేమో పొద్దున్నే బోధన్‌లో ఇంటి దగ్గర ఒక గంజాయి బీడీ నిండుగా తాగి బయల్దేరాడు. ఆ బీడీ పుణ్యమా అని వచ్చిన పల్లవి జేబులో కాగితం మీద ఉంది. చరణాలు ఇంకా రాలేదు. నిజామాబాద్ స్టూడియోలో బాణీలు కట్టే అనిల్‌కుమార్ ఆ పాట కోసమే కాచుకుని కూర్చున్నాడు.

చాటుకు పోయి వచ్చి డబ్బా ఇచ్చాడు. ఎస్సై అందులో సన్నటి పట్టీ ముంచాడు.

"ఒక్క గీత పడితే తాగినట్టు, రెండు పడితే తాగనట్టు. ఐదు నిమిషాలు నిలబడు. జేబుల ఏమున్నది?"

"పల్లవి సార్."

"ఏంది?"

లింబయ్య కాగితం తీసి చదివాడు. "పసుపు ఉడికె, పొగలు లేసె, పోయినోని జాడ లేదాయె... పాటలు రాస్త సార్ నేను. యూట్యూబుల వస్తయి."

"రచన లింబయ్య అని పడుతది, గా లింబయ్యవా?" ఎస్సై మొహం విప్పారింది. "మా ఇంట్ల పొద్దంత నీ పాటలే. ఆడోళ్ల మనసుల ఉన్నది ఉన్నట్టు ఎట్ల రాస్తవయ్యా?"

పొగిడితే కరగని కవి ఎక్కడున్నాడు? లింబయ్య ఉన్న నిజమంతా కక్కేశాడు.

"దమ్ము కొడితేనే వస్తది సార్. ఇంట్ల గడప మీద కూసుంట. ఎనుక మా సవిత బీడీలు చుట్టుకుంటుంటది. నేను తెచ్చిన పొట్లం గూడ ఆమెనే బీడీల పెట్టి చుట్టిస్తది. రెండు దమ్ములు గుంజి కండ్లు మూసుకుంటే సాలు, మాటలు ఎక్కడికెంచో వచ్చి చెవుల పడ్తయి. అది లేకుంటే నేను ఉత్త లింబయ్యను."

"జైలుకు పోతవ్ లింబయ్యా."

"ఎరుకనే సార్. కొన్ని దేశాలల్ల సర్కారే పర్మిషన్ ఇచ్చిందట. బొమ్మలేసేటోళ్లు, పాటలు రాసేటోళ్లు దుకాణంల కొనుక్కొని, బాజాప్త తాగి పని చేసుకుంటరట. మన దగ్గర గా రోజు ఎప్పుడొస్తదో! దొంగతనంగ కాకుంట, భయం లేకుంట ఒక్క పాట రాయాలని ఉన్నది సార్. ఒక్కటే."

 ఎస్సైకి ఎట్లాగో అనిపించినట్టుంది.

"గంజాయి తాగి పని పోగొట్టుకున్నోళ్లనే సూసిన గాని, పని దొరికినోన్ని నిన్నే సూస్తున్న" అంటూ పట్టీ పైకెత్తాడు. ఎండకు పెట్టి చూశాడు. నమ్మకం కుదరక ఇంకో పట్టీ ముంచాడు. అదీ చూశాడు.

"రెండు గీతలు. నువ్వు తాగింది ఏందో గాని గంజాయి అయితే కాదు. పో."

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. బతికిపోయానని దండం పెట్టుకోవాల్సిన మనిషి, ఏదో పోగొట్టుకున్నవాడిలా రోడ్డు మీదే నిలబడిపోయాడు. స్టూడియోకు పోబుద్ధి కాలేదు. బోధన్ వైపు వెళ్లే ఆటో ఎక్కాడు.

ఇంట్లో సవిత ఒళ్లో చేట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది. తనలో తాను ఏదో గొణుక్కుంటున్నదల్లా ఆయన్ని చూసి ఆపేసింది.

"నేను తెచ్చే పొట్లం ఏం చేస్తున్నవే?"

ఆమె దాచలేదు. "మోరీల పారేస్తున్న. కరోనా వచ్చి నీ ముక్కుకు వాసన తెల్వకుంట అయినప్పటి సంది. నీ బీడీల ఉత్త తంబాకే పెడ్తున్న."

"గిన్నేండ్ల సంది నన్ను మోసం చేసినవా?"

"నిన్ను జైల్ల ఏస్తే నేనెవరి పక్కన కూసొని బీడీలు చుట్టాలె?"

కోపం రావాల్సింది, రాలేదు. అంతకంటే పెద్ద సందేహం ఆయన్ని పట్టుకుంది.

"మరి గా పాటలన్ని నాకు ఎట్ల వచ్చినయే?"

సవిత ఆకు మీదికి ఇంకాస్త వంగింది.

అనిల్‌కుమార్ ఫోన్ చేశాడు. "అన్నా, చరణాలు ఏడిదాక వచ్చినయే?"

"ఇస్త ఆగు తమ్మీ" అని పెట్టేసి లింబయ్య గడప మీద కూలబడ్డాడు. బీడీ వెలిగించలేదు. అలవాటుగా కళ్లు మాత్రం మూసుకున్నాడు. ఆ పొగ కోసం ప్రాణం కొట్టుకుపోయింది. ఇన్నేళ్లూ లేనే లేని పొగ. అది లేకుండా ఇంకెప్పటికీ ఒక్క ముక్క రాయలేనేమో అనుకుంటే ఏడుపొచ్చింది. వెనక కత్తెర చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు.

కాసేపటికి కత్తెర ఆగింది. సవిత కోసిన ఆకుల్లో తంబాకు నింపి చుట్టడం మొదలుపెట్టినట్టుంది. అప్పుడు, ఎప్పటిలాగే, మాట వచ్చి చెవిలో పడింది.

'వేళ్లు నొచ్చె, వెన్ను నొచ్చె, వాకిలి సూసి కండ్లు నొచ్చె...'

లింబయ్య ఉలిక్కిపడ్డాడు. కళ్లు తెరిస్తే ఎక్కడ పోతుందోనని, చూడకుండానే కాగితం మీద వంకరటింకరగా రాసేశాడు. వెంటనే రెండోది వచ్చింది.

'దూరమున్నోళ్లంత ఇనిరి, దాపునున్నోడె ఇనడాయె...'

ఎంత మంచి మాట! ఒళ్లు ఝల్లుమంది. గంజాయి లేదు. భయం లేదు. ఏ చట్టమూ మారనక్కర్లేదు. పాట తనదే, ఇన్నాళ్లూ తనదే! ఈ సంగతి ముందుగా సవితకే చెప్పాలని కళ్లు తెరిచి, గబుక్కున వెనక్కి తిరిగాడు.

సవిత తల వంచుకుని, ఆకు చుట్టుకుంటూ, మూడో వరుస పాడుకుంటోంది.