అరువు మిషను

కొబ్బరికాయల బేరాలు చేసుకునే సత్యదుర్గారావు అమలాపురం వెళ్ళి చవక డ్రిల్లింగు మిషను కొనుక్కొచ్చిన రోజున, కొత్తపేటలో వాళ్ళింట్లో అన్నం కాస్త ఆలస్యంగా ఉడికింది.

కావలసింది వరండాలో ఉయ్యాల కట్టుకోడానికి ఒకే ఒక్క కొక్కెం.

ఆ ఒక్క చిల్లుకి ఎవర్నయినా పిలిస్తే సరిపోయేదానికి సొంత మిషను దేనికని భార్య సత్యవాణి అడిగింది.

బావమరిది కిషోర్ ఫోనులోనే క్లాసు పీకాడు. పేరూ ఊరూ లేని మిషను మూణ్ణాళ్ళ ముచ్చటని, కొంటే మంచిది కొనాలని, లేదంటే అద్దెకి తెచ్చుకోవాలని.

దుర్గారావుకి పౌరుషం పొడుచుకొచ్చింది.

"ఎప్పుడో ఓ చిల్లు పెట్టుకునేవాడికి ఏనుగెందుకురా? దూడ చాలు. ఇది గానీ పాడైతే నా మీసం తీయించి నీకు పార్సిలు పంపిస్తాను."

కిషోర్ ఆ మాట బంధువులందరికీ చేరవేశాడు.

ఆ రోజు నుంచి కొక్కేనికి ఉయ్యాల వేలాడింది, మిషనుకి దుర్గారావు మీసం వేలాడింది.

దాని గొప్ప చాటుకోడానికి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ మిషను అరువిచ్చేవాడు.

ఒక ఆదివారం వెనక వీధి నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. పేరు ముత్యాలరాజు. మస్కట్లో చాలా ఏళ్ళు పనిచేసొచ్చాడని, భార్య పోయిందని, అచ్చాయమ్మగారి మేడమీద వాటాలో ఒక్కడే ఉంటున్నాడని తప్ప ఎవరికీ ఏమీ తెలియదు.

గుమ్మం బయటే నిలబడి మెల్లగా అడిగాడు.

"మీ దగ్గర డ్రిల్లింగు మిషనుందటండీ. ఓ పూట ఇస్తారా?"

దుర్గారావు ఇచ్చాడు. ముందు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు, తర్వాత మిషను ఇచ్చాడు.

సాయంత్రం మిషను తిరిగొచ్చింది. దానితో పాటు అరటిపళ్ళ అత్తం ఒకటి. మళ్ళీ కాఫీ.

పై ఆదివారం మళ్ళీ వచ్చాడు. ఆ పై ఆదివారమూ వచ్చాడు.

తీసుకెళ్ళేటప్పుడు కాసేపు, తెచ్చిచ్చేటప్పుడు కాసేపు ఉయ్యాల పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. ఏమీ మాట్లాడేవాడు కాదు. దుర్గారావు వాగుతుంటే వినేవాడు. నవ్వొస్తే కండువాతో మూతి తుడుచుకునేవాడు.

వినేవాడు దొరికితే దుర్గారావు నోరు ఊరుకుంటుందా?

అద్దె కొంప గోడల్ని జల్లెడ చేసి పిండి జల్లించుకుంటున్నారా అని అడిగేవాడు. మస్కట్లో సంపాదించింది ఏ ట్రంకుపెట్టెలో మగ్గుతోందో, ఒక్క మిషను కొనడానికి చెయ్యి రావడం లేదనేవాడు. రాజు వీధి మలుపు తిరగ్గానే, మిషనుకి పెళ్ళికొడుకొచ్చేడని సత్యవాణికి కేకేసేవాడు.

"ఆయ్, అంతేనండి," అనేవాడు రాజు. అంతకుమించి ఒక్క మాట లేదు.

మిషను మాత్రం ఎన్ని చేతులు మారినా గుర్రంలా పనిచేసింది.

ఊళ్ళో ఎవరేం కొందామన్నా దుర్గారావే సలహాదారు. అప్పుడప్పుడు వాడేవాడికి చవకదే రైటని, తన మిషనే సాక్ష్యమని చెప్పేవాడు. కిషోర్ నోరు మూతపడింది.

ఒక శనివారం దుర్గారావు బుర్రని పురుగు తొలిచింది. ఈ రాజుగారి చేత ఒక్కసారైనా ఎదురుమాట అనిపించాలి.

అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి గేటుకి కట్టాడు. "రాజుగారికి మిషను ఇవ్వబడదు. కాళ్ళు పట్టుకున్నా సరే."

ఆదివారం కాఫీ పెట్టించి, కిటికీ రెక్క చాటున కాసుక్కూర్చున్నాడు. రాజు లోపలికొచ్చి నాలుగు తిట్టాలి, తను పొట్ట పట్టుకుని నవ్వాలి. అదీ పథకం.

రాజు గేటు దగ్గర ఆగాడు. అట్ట చదివాడు. కండువా సర్దుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

వెనక్కి పిలవమని సత్యవాణి మోచేత్తో పొడిచింది.

"వస్తాడులేవే. మిషను లేకపోతే ఆయనకి పొద్దెలా గడుస్తాది?"

కాఫీ చల్లారిపోయింది.

పై ఆదివారం రాజు రాలేదు. వేళాకోళం చేసినవాడే వెళ్ళి బతిమాలితే ఏం బాగుంటుందని దుర్గారావు అట్ట విప్పేసి ఊరుకున్నాడు. మిగతా జనం మిషను పట్టుకెళ్తూనే ఉన్నారు.

వానలు వెనకబట్టాక, గోడకి అద్దం బిగించమంది సత్యవాణి.

మిషను రెండు మూలుగులు మూలిగి, పొగ వదిలి, పడుకుంది.

దుర్గారావు మీసం తడుముకుంటూ, ఎవరి కంటా పడకుండా దాన్ని సంచిలో పెట్టుకుని అమలాపురం రిపేరు కొట్టుకి పట్టుకెళ్ళాడు. కొట్టు అబ్బులు మూత విప్పి, అటు తిప్పి ఇటు తిప్పి, మనిషి వంక వింతగా చూశాడు.

"పైన డొక్కొక్కటే దీనిదండి. లోపల బేరింగులు, స్విచ్చి, అన్నీ ఖరీదైన కంపెనీయి. ఎవరో ఎప్పటికప్పుడు మార్చుకుంటా వచ్చేరు. ఈ మధ్యనే మానేసినట్టున్నారు."

దుర్గారావు బాగుచెయ్యమని చెప్పడం కూడా మర్చిపోయాడు.

బస్సు దిగి తిన్నగా అచ్చాయమ్మగారి మేడకి వెళ్ళాడు. పైవాటాకి తాళం వేసి ఉంది.

కూతురొచ్చి రాజుగారిని సూరత్ తీసుకుపోయిందని అచ్చాయమ్మ చెప్పింది. ఇక ఇటు రారట. అక్కడి నంబరు ఆవిడ దగ్గరా లేదు.

దుర్గారావు తాళం ఓసారి లాగి చూశాడు.

"ప్రతి వారం మా మిషను తెచ్చి, ఇక్కడేం చిల్లులు పెట్టేవారండీ ఆయన?"

"చిల్లులా? మా గోడకి మేకు కూడా కొట్టలేదండి."

అచ్చాయమ్మ మెట్లు దిగబోతూ ఆగింది.

"వ్యానులో సగం ఆయన మస్కట్ నుంచి తెచ్చుకున్న మిషన్లేనండి వెళ్ళింది, ఇన్ని పెట్టుకుని అరువుకెళ్తారేంటండీ అని ఓసారి అడిగితే, ఒంటిగాణ్ణి, ఏదో పనుందని చెప్పకుండా ఒకరి ఇంటికెళ్ళి ఎలా కూర్చోనమ్మా అన్నారండి."