పందికొక్కు మాట

ఒక చేనిగట్టు మీద పందికొక్కు ఒకటి ఉండేది. కోతలప్పుడు పిట్టలన్నీ దానికి గింజలిచ్చేవి. ఎవరి గూడు పడిపోయినా, మళ్ళీ కట్టుకునేదాకా వాళ్ళ ఇంటిల్లిపాదికీ అది తిండి పెట్టాలి. అదీ ఒప్పందం.

ఒకనాడు గాలివానకు గిజిగాడి గూడు నేలకూలింది. పిల్లలు ఆకలితో నోళ్ళు తెరిచాయి. గిజిగాడు రివ్వున వెళ్ళి, "మామా, గింజలియ్యి!" అన్నాడు.

"గూడు పడితే ఇస్తానన్నాను అల్లుడూ. నీది కొమ్మ విరిగి పడింది. కొమ్మ సంగతి మనం అనుకోలేదే!"

గింజలిచ్చిన వాళ్ళ తరఫున మాట్లాడడానికి సింహరాజు గోరింకను కొలువులో పెట్టాడని గిజిగాడికి గుర్తొచ్చి, దాన్ని వెంటబెట్టుకొచ్చాడు.

ఒప్పందాలు జరిగేచోట కూర్చుని వినడమే గోరింక పని. అది కలుగు ముందు వాలి, ఒప్పందం నాడు పందికొక్కు అన్న మాటను అచ్చం దాని గొంతుతోనే అంది: "ఎలా పడిందని అడిగితే ఒట్టు, అల్లుడూ! గింజలు తెచ్చి నీ ముందు పోస్తాను!"

కలుగులోంచి పందికొక్కు పెళ్ళాం తల బయటపెట్టింది. "చేనంతా వినపడేలా అరిచావు, నేనూ విన్నాను. జరుగిక!" అంటూ గింజలు బయటికి తోసింది.

పిట్టలు పకపకా నవ్వాయి. పిల్లల నోళ్ళు నిండాయి.

మరుసటి కోతలకు పందికొక్కు ముందుగా కొమ్మలన్నీ తేరిపార చూసింది. గోరింక కనపడగానే, "కొమ్మ విరిగినా సరేనమ్మా!" అని తనే చెప్పేసింది.