పాల ప్యాకెట్ సాక్ష్యం

జంతువుల ఫొటోలన్నీ యంత్రాలే పుట్టిస్తున్న రోజులు కాబట్టి మా పిల్లుల గ్రూపులో ఒక ఆచారం పెట్టుకున్నాం. పిల్లి పక్కన ఆనాటి పాల ప్యాకెట్ పెట్టి, తేదీ కనిపించేలా ఫొటో తీయాలి. అప్పుడే మిగతావాళ్ళు గుండె బొమ్మ పెడతారు.

భ్రమరాంబ గారి పిల్లి మీద నాకు అనుమానం. మూడు వారాలుగా ప్రతి ఫొటోలోనూ తోక ఒకే వంపు. తేల్చుకుందామని సామర్లకోట నుంచి బస్సెక్కి కాకినాడలో వాళ్ళింటికి వెళ్ళాను.

పిల్లి ఎదురొచ్చి నా చీర కుచ్చిళ్ళు గీరింది.

"చిన్నప్పుడు తలుపు సందులో పడి తోక అలా వంకర తిరిగిపోయిందండి," అన్నారావిడ.

నాకు సిగ్గేసింది. "పిల్లి నిజమైనదే, కళ్ళారా చూశాను" అని గ్రూపులో రాశాను. ఫోన్ మీంచి వేలు తీయకముందే గ్రూపులో మిగతా తొమ్మిదిమంది గుండె బొమ్మలూ ఒక్కసారే వచ్చాయి.

"వీళ్ళలో ఎవర్నైనా ఎప్పుడైనా చూశారా?" అనడిగాను.

"లేదండి. మీరే మొదటివారు."

ఆవిడ తన ఫోన్ తీసి, "ఇవాళ్టి ప్యాకెట్ పట్టుకుని మీ ఫొటోలు పంపండి" అని గ్రూపులో రాశారు.

మా టీ చల్లారకముందే తొమ్మిది ఫొటోలు వచ్చాయి. నవ్వుతున్న తొమ్మిది ముఖాలు, ఇవాళ్టి తేదీతో తొమ్మిది ప్యాకెట్లు. భ్రమరాంబ గారు చెత్తబుట్టలోంచి పొద్దున కత్తిరించిన ఖాళీ ప్యాకెట్ తీసి ఫోన్ పక్కన పెట్టారు.

ఫొటోల్లోవన్నీ నిండుగా ఉన్నాయి. సాయంత్రం నాలుగైంది. ఆ తొమ్మిదిళ్ళలో ఒక్కరూ ఇంకా పాలు కాచుకోలేదు.